పాత ఇంటి చెక్క నేల: చిత్రిక పట్టాలా, మార్చాలా?

(హనుమకొండలో పాత ఇళ్ల యజమానులు, వడ్రంగులు, భవన నిర్మాణ విద్యార్థులు కూడిన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిపోయిన ఈ నగరంలో ఇంటి నేల అనగానే మనకు షాబాదు బండ గుర్తుకు వస్తుంది, ఆ తరువాత మొజాయిక్, కరీంనగర్ గ్రానైట్, ఇప్పటి విట్రిఫైడ్ టైల్స్. చెక్క నేల ఎక్కడో చలిదేశాల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. అయితే బజారు వీధుల్లో కింద దుకాణం, పైన కాపురం ఉన్న పాత మేడల్లోనూ, ఊళ్లలోని గడీల్లోనూ మేడ మీది గదుల నేల టేకు పలకలదే. ములుగు, ఏటూరునాగారం, మంథని, నిర్మల్ వైపు అడవులు దగ్గరగా ఉండటం వల్ల, ఇనుము, సిమెంటు ఇంత సులువుగా దొరకని కాలంలో అంతస్తు లేపాలంటే దూలం, దాని మీద పలక, ఇదే దారి. ఆ ఇళ్లు ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం చేతికి వచ్చాయి. మరోవైపు కొత్త విల్లాల్లో, డూప్లెక్సుల్లో పడకగదికి చెక్క నేల వేయించుకోవడం వేడుకగా మారింది. ఇద్దరూ వడ్రంగిని అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని పాలిష్ చేయిస్తే సరిపోతుందా, తీసేసి కొత్తది వేయించాలా?

ఈ ప్రశ్నకు జవాబు పలక పైభాగంలో దొరకదని చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను. పలక మీద గీతలు, మరకలు, వెలిసిన రంగు చూసి మనం నిర్ణయం తీసుకుంటాం. నిజానికి చూడవలసినవి పలకలో ఇంకా మిగిలిన మందం, దానిలోని చెమ్మ, దాన్ని మోస్తున్న దూలమో స్లాబో ఏ స్థితిలో ఉందన్నది. ఇల్లు ఎప్పటిదో తెలిస్తే ఈ మూడింటిలో ముందు దేన్ని చూడాలో తెలుస్తుంది.

మొదట పాత మేడల సంగతి చెబుతాను, ఎందుకంటే పోతే మళ్లీ రానివి అవే.

ఆ మేడల్లో ఒక గోడ నుంచి మరో గోడకు దూలాలు, వాటి మీద అడ్డంగా పలకలు ఉంటాయి. పలకలు సాధారణంగా అంగుళం నుంచి అంగుళంన్నర మందం, వెడల్పు తొమ్మిది, పది అంగుళాల దాకా ఉంటుంది. దూలాలకు కొన్నిచోట్ల టేకు, కొన్నిచోట్ల నల్లమద్ది, ఏగిస వాడారు. పాత పలకల్లో చాలావరకు చేవ ఉన్న కట్టె. టేకు చేవలో ఉండే సహజమైన నూనెలు, ఇతర పదార్థాల వల్ల చెదలు దాన్ని అంత సులభంగా ముట్టవు. చేవ చుట్టూ ఉండే తెల్ల కట్టెకు ఆ రక్షణ లేదు. అందుకే పాత పలకను చూసినప్పుడు అంచు వెంట ఒక పట్టీలాగా పొడి అయిపోయి, నడుమ భాగం గట్టిగా ఉండటం తరచుగా కనబడుతుంది. అటువంటి పలకను పారేయవలసిన పని లేదు. అంచు కోసివేసి, అదే వయసు కట్టెతో పట్టీ అతికితే మరో తరం నడుస్తుంది.

పలక బాగున్నా దూలం బాగుండకపోవచ్చు. దూలం నడుమ భాగం గదిలో గాలి తగులుతూ పొడిగా ఉంటుంది, దాని కొన గోడలో కూర్చుని ఉంటుంది. బయటి గోడకు మట్టి, సున్నం పూత ఉన్నంతకాలం గోడలో చేరిన వాన చెమ్మ ఎండ రాగానే బయటికి ఆరిపోయేది. ఇల్లు బాగు చేయిస్తున్నామని ఆ గోడకు సిమెంటు పూత, దాని మీద ప్లాస్టిక్ రంగు వేయించిన తరువాత ఆ చెమ్మకు బయటికి పోయే దారి మూసుకుపోయి, అది గోడ లోపలే నిలిచి, దూలం కొనలోకి చేరుతుంది. కట్టెలో చెమ్మ 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తే కట్టెను కుళ్లబెట్టే శిలీంధ్రాలు దాన్ని తినడం మొదలుపెడతాయి. పైన నడిచేవారికి నేల కొంచెం ఊగినట్టు మాత్రమే అనిపిస్తుంది. అందుచేత పాలిష్ మాట ఎత్తకముందే ప్రతి దూలం కొనను గోడ దగ్గర సుత్తితో తట్టి చూడండి. గట్టి కట్టె ఖంగుమంటుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. సన్నని స్క్రూడ్రైవరో, మొనదేలిన ఊచో గుచ్చి చూస్తే ఎంత లోతు మెత్తబడిందో తెలుస్తుంది. మెత్తబడితే దూలం మొత్తం మార్చనక్కరలేని సందర్భాలు చాలా ఉన్నాయి. పుచ్చిన కొన కోసివేసి కొత్త కట్టె ముక్కను ఉక్కు పలకలతో, బోల్టులతో బిగించే పద్ధతి ఉంది. కాని దాన్ని భవన బలం లెక్కగట్టగల ఇంజనీరు చూసి చెప్పాలి. అది వడ్రంగి ఒక్కరి మీద పెట్టవలసిన భారం కాదు.

ఇదే సందర్భంలో ఒక అలవాటు గురించి కొంచెం గట్టిగానే చెప్పవలసి ఉంది. పలకల నేల పాతబడిందని, దాని మీదనే ప్లాస్టిక్ షీటు పరచి, సిమెంటు మాలు పోసి, గ్రానైట్ వేయిస్తున్నవారు ఉన్నారు. లెక్క చూడండి. రెండంగుళాల మాలు చదరపు మీటరుకు దాదాపు 100 కిలోలు, 18 మిల్లీమీటర్ల గ్రానైట్ మరో 48 కిలోలు. అంటే పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గదికి ఇంచుమించు 1,400 కిలోల శాశ్వత బరువు. మన దేశంలో నివాస గృహాల నేల మీద మనుషులు, సామాను కలిపి వచ్చే బరువుగా ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం రెండవ భాగం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు లెక్కిస్తుంది. అందులో నాలుగింట మూడు వంతుల బరువును మనం ముందుగానే ఎక్కించి, ఆపైన మంచాలు, బీరువాలు, చుట్టాలు అన్నీ ఎక్కిస్తున్నాం. ఆ బరువు మోసేది నూరేళ్ల నాటి దూలం, దాని కొన ఎలా ఉందో చూసినవారు లేరు. దీన్ని మరమ్మతు అనడం నాకు ఇష్టం లేదు.

ఇక సందుల విషయం. ఎండాకాలంలో పలకల మధ్య సందులు పడ్డాయని, లప్పం పెట్టించమని చాలామంది అడుగుతారు. కట్టె పొడవు వెంట దాదాపు మారదు, అడ్డంగా మాత్రం చెమ్మను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. మే నెలలో మనకు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, గాలి ఎండిపోతుంది. జూలై, ఆగస్టుల్లో అదే గది చెమ్మతో నిండుతుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట చాలాకాలం ఉంచిన కట్టెలో చెమ్మ 6 శాతం దగ్గర నిలుస్తుంది, 80 శాతం ఉన్నచోట 16 శాతం దగ్గర. ఇంట్లోని పలక అంత వేగంగా మారదు కాబట్టి 8 నుంచి 14 శాతం మధ్య ఊగుతుందనుకుందాం. పది అంగుళాల వెడల్పున్న టేకు పలక ఈ ఆరు శాతం మార్పుకు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, తరుగుతుంది. దుంగను ఏ వైపు నుంచి కోశారన్న దాన్ని బట్టి ఇది సగానికి కూడా తగ్గవచ్చు. మే నెలలో ఆ సందులో గట్టి లప్పం నింపితే వానకాలంలో పలక ఉబ్బి లప్పాన్ని పొడిచేసి పైకి తోస్తుంది, లేదా పలకే మొలల దగ్గర లేస్తుంది. ఎండాకాలపు సందును అలాగే వదిలేయండి. ఆగస్టులో కూడా మూసుకోని సందు ఉంటే దానికి సన్నని టేకు పట్టీ చెక్కి, ఒక్క పలకకే అతికించి, రెండో అంచు స్వేచ్ఛగా ఉండనివ్వాలి.

నడిస్తే కిర్రుమనే చప్పుడు కూడా ఇటువంటిదే. పలక మొల మీద పైకి కిందికి జారడం వల్ల వచ్చే చప్పుడు అది. కింద గదిలోంచి దూలానికీ పలకకూ మధ్య సన్నని చీలిక కట్టె ఒకటి జిగురుతో దోపితే, లేదా స్క్రూతో బిగిస్తే చాలావరకు పోతుంది.

ఇప్పుడు మిషన్ సంగతి, అంటే గరుకు కాగితం చుట్టిన డ్రమ్మును తిప్పి నేలను గీకే మిషన్. డ్రమ్ము మిషన్‌తో ఒకసారి పూర్తిగా గీకిస్తే అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా కట్టె పోతుంది. అంగుళంన్నర పలకకు అది పెద్ద నష్టం కాదు. అయినా పాత మేడల్లో డ్రమ్ము మిషన్ ఎక్కించవద్దనే నేను అంటాను. ఆ పలకలను బాడిసతో చెక్కి, చేత్తో చిత్రిక పట్టారు కాబట్టి వాటి పైభాగం ఎప్పుడూ అద్దంలా సమంగా లేదు. దాన్ని సమం చేయాలని మిషన్ ఎక్కిస్తే ఎత్తున్నచోట లోతుగా తింటుంది, గుంట ఉన్నచోట పాత పాలిష్ మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది. దశాబ్దాల నడకకు వచ్చిన రంగు, నునుపు కూడా పోతాయి. ఆ నునుపు మళ్లీ కొనుక్కుంటే వచ్చేది కాదు.

కాబట్టి ముందు కడిగి చూడాలి. ఒక మూల రెండు నీటి చుక్కలు వేస్తే, అవి పూసల్లా నిలిస్తే పాలిష్ ఇంకా పనిచేస్తున్నట్టు, వెంటనే ఇంకి కట్టె నల్లబడితే పూర్తిగా అరిగిపోయినట్టు. మరోచోట గుడ్డకు స్పిరిట్ తడిపి రుద్దితే జిగటగా కరిగితే అది లక్కతో చేసిన పాత పాలిష్. దానికి గీకుడు అవసరమే లేదు. స్పిరిట్‌తో మురికి తీసి, అదే లక్క పాలిష్ మళ్లీ పట్టిస్తే కొత్త పూత పాత పూతలో కలిసిపోతుంది. ఈ పని తెలిసిన చేతులు మన ఊళ్లో ఇంకా ఉన్నాయి. వారికి పని ఇవ్వండి.

పలకలకు గాని, గడప, రెయిలింగు వంటివాటికి గాని పాత ఎనామిల్ రంగు పూసి ఉంటే జాగ్రత్త పడాలి. రంగుల్లో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందరి పొరల్లో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరుతుంది. తడిపి గీకాలి, ఆ రోజుల్లో పిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకూడదు.

ఆసిడ్ చిందినట్టు నల్లటి మరకలు, చక్రాల కుర్చీల గాట్లు, అంతా చెడిన పాలిష్ ఉండి, నిజంగానే గీకవలసి వస్తే పద్ధతి ఇది. మొదట ప్రతి మొల తలనూ పంచుతో రెండు మిల్లీమీటర్ల లోపలికి దింపాలి, లేకపోతే గరుకు కాగితం చిరుగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. 36 లేదా 40 నంబరు కాగితంతో మొదలుపెట్టి 60, 80, 100 వరకు వరుసగా వెళ్లాలి, నంబరు పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది. పని త్వరగా అవుతుందని 40 నుంచి నేరుగా 100కు దూకితే మొదటి కాగితం గీతలు అలాగే ఉండి, పాలిష్ పడిన తరువాత సాయంత్రపు ఎండలో అన్నీ కనబడతాయి. టేకులో ఇసుక వంటి సిలికా ఉంటుంది కాబట్టి కాగితాలు త్వరగా మొద్దుబారుతాయి. వడ్రంగి ఎక్కువ కాగితాలు అడిగితే అనుమానించకండి. కట్టె దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. ముఖానికి చేతిరుమాలు కట్టుకుని గీకే మనిషికి మంచి మాస్కు కొనిపెట్టడం ఇంటివారి బాధ్యతే.

గీకిన టేకు మీద పీయూ (పాలియురేథేన్ వార్నిష్) పూత కొన్నిసార్లు ఎండదు, కొన్నిసార్లు పొట్టులా లేస్తుంది. దానికి కారణం కట్టెలోని నూనె. పూతకు కొంచెం ముందు థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి, నూనె మళ్లీ పైకి రాకముందే పూత వేయాలి. పీయూ గట్టిగా ఉంటుంది, నీళ్లు ఆపుతుంది. కాని చెడితే ఒక్కచోట అతకడం కష్టం, గదంతా మళ్లీ గీకవలసి వస్తుంది. అవిసె నూనె, తేనెమైనం కలిపిన పూత ఏటా ఒకసారి పట్టించవలసి వస్తుంది, కాని అరిగినచోట అరిగినంత మేరకే సరిచేసుకోవచ్చు. పాత మేడకు నేను రెండోదాన్నే మెచ్చుతాను, అద్దెకు ఇచ్చే ఇంటికి, పిల్లల గదికి మొదటిదాన్ని. అవిసె నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూలకు పడేయవద్దు. ఆ నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు తమంతట తామే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరవేయాలి, లేదా నీళ్ల బకెట్లో ముంచాలి.

1970ల తరువాత కట్టిన ఇళ్ల గురించి చెప్పవలసింది తక్కువ. అవి స్లాబు ఇళ్లు, నేల మొజాయిక్, చెక్క అంతా తలుపులకు, కిటికీలకు, అల్మరాలకు పరిమితం. ఆ మొజాయిక్ గట్టిగా ఉండి, నేల అంతటా సమంగా ఉంటే దాన్ని పగలగొట్టకుండా దాని మీదనే చెక్క నేల వేసుకోవచ్చు. అయితే తలుపుల కింది భాగం ఎంత కోయవలసి వస్తుందో ముందే కొలుచుకోండి.

కొత్త ఇళ్లలో వేస్తున్న వాటిలో మూడు రకాలు ఉన్నాయి, మూడింటినీ దుకాణంలో ఒకే పేరుతో అమ్ముతారు. మొదటిది అచ్చమైన కట్టె, మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు. పలకలు ఒకదానిలో ఒకటి దూరే అంచు గాడి పైన దాదాపు 6 మిల్లీమీటర్ల కట్టె ఉంటుంది కాబట్టి దాన్ని ఎన్నోసార్లు గీకించవచ్చు. రెండోది ఇంజనీర్డ్ ఉడ్, అంటే ప్లైవుడ్ పొరల మీద అసలు కట్టె పొర. ఆ పై పొర అర మిల్లీమీటరు నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ధర తేడా అంతా అక్కడే. 2 మిల్లీమీటర్లు ఉంటే మంచి చేతిలో ఒకసారి తేలికగా గీకవచ్చు, అంతకంటే తక్కువైతే మిషన్ పెట్టగానే ప్లైవుడ్ బయటపడుతుంది. మూడోది లామినేట్. అది కట్టె బొమ్మ ముద్రించిన కాగితం, పైన మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ పొర, కింద నొక్కిన కట్టె పొడి పలక. దాన్ని గీకడం అన్న ప్రశ్నే లేదు, చెడిన పలక తీసి కొత్తది వేయడమే. కొనేటప్పుడు ఒక ముక్క అడ్డంగా కోయించి అంచు చూడండి, బిల్లు మీద పై పొర మందం రాయించుకోండి.

కొత్త ఇంట్లో నేల చెడటానికి ప్రధాన కారణం ఆరని స్లాబు. పూర్తిగా ఎండనిదే దాని మీద చెక్క వేయకూడదు. ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగువైపులా టేపుతో నేలకు అంటించి, ఒక రోజు వదిలి, ఎత్తి చూడండి. లోపల చెమట పట్టినా, కాంక్రీటు నల్లబడినా ఇంకా ఆగాలి. కింది అంతస్తులో భూమిలోంచి చెమ్మ ఎప్పుడూ పైకి ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి మందమైన పాలిథీన్ పొర తప్పనిసరి. గోడల వెంట 10, 12 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, గోడ అడుగున బిగించే స్కర్టింగ్ పట్టీ దాన్ని కప్పుతుంది. ఆ ఖాళీని మేస్త్రీలు తప్పనుకుని సిమెంటుతో పూడ్చేస్తారు. వానకాలంలో పలకలు ఉబ్బి గది నడుమ డేరాలా లేచేది అందుకే. చెదల మందు కూడా నేల వేయకముందే కొట్టించాలి. కట్టిన ఇళ్లకు ఆ పద్ధతి ఐఎస్ 6313 మూడవ భాగంలో ఉంది.

వరదల మాట చెప్పకుండా ఈ ఊళ్లో నేలల గురించి మాట్లాడలేం. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. నీళ్లు తగ్గాక పలకల అంచులు పైకి లేచి, నడుమ గుంట పడి కనిపిస్తాయి. కింది భాగం తడిగా, పై భాగం పొడిగా ఉండటమే దీనికి కారణం. వెంటనే మిషన్ తెప్పించి ఆ అంచులను గీకిస్తే పని పూర్తయిన రోజు నేల సమంగా కనబడుతుంది. రెండు నెలల తరువాత కింది భాగం కూడా ఆరి పలక తన ఆకారానికి వచ్చేసరికి, గీకిన అంచులు కిందికి పోయి నడుమ భాగం వీపులా ఉబ్బుతుంది. దాన్ని సరిచేయడానికి మరోసారి గీకాలి, అంటే రెండింతల కట్టె పోతుంది. ముందు స్కర్టింగ్ తీయించి, ఫ్యాన్లు పెట్టి, తేమ మీటరుతో వారానికి ఒకసారి కొలిచి, అంకె మారకుండా నిలిచిన తరువాతే గీకుడు మాట. అచ్చమైన టేకు చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. నీళ్లలో నానిన లామినేట్ మాత్రం మళ్లీ లేవదు, తీసేయండి.

ఇంతకీ ఎప్పుడు మార్చాలి? గాడి దాకా అరిగిపోయి మొలలు బయటపడితే, పై పొర చిల్లులు పడితే, కింద స్లాబులోని చెమ్మను మరో విధంగా ఆపలేకపోతే మార్చాలి. పాత మేడలో మాత్రం నేల మొత్తం మార్చవలసిన సందర్భం చాలా అరుదు. చెడిన నాలుగైదు పలకలకు పాత ఇళ్లు విప్పినచోట దొరికే టేకునే వెతకండి. తోటల్లో పెంచి చిన్న వయసులో కొట్టిన కొత్త టేకులో తెల్ల కట్టె ఎక్కువ, అది పాత పలకల పక్కన రంగులోనూ కలవదు, వాటితో సమానంగా ఉబ్బదు కూడా. తీసిన పాత పలకలను చిత్తు కట్టె కింద ఇచ్చేయకుండా ఘనపుటడుగుల లెక్కన కొలిపించండి, వాటిని బల్లలకు వాడుకోవచ్చు. మరో ఊరికి తరలించాలనుకుంటే ముందుగా అటవీశాఖ కార్యాలయంలో అడిగి కాగితం తీసుకోండి.

పనికి దసరా తరువాత నుంచి మార్చి వరకు ఉన్న కాలం అనువైనది. వానకాలంలో లక్క పాలిష్ గాలిలోని తేమకు తెల్లబారుతుంది, మే నెలలో వేసిన పలకలు వానలకు ఉబ్బే చోటు లేకుండా బిగుసుకుంటాయి. పలకలు తెచ్చిన తరువాత కట్టలు విప్పి, వేయబోయే గదిలోనే పది, పదిహేను రోజులు ఉంచండి. పీయూ చివరి పూత వేసిన తరువాత వారం దాకా తివాచీ పరచకండి. ఆ తరువాత రోజూ ఫినాయిల్ నీళ్లు కుమ్మరించి తుడవడం మాని, బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు.

వడ్రంగి మిత్రులు ముందు వరుసలో కూర్చున్నారు. పాత పలక ముక్కలు రెండు, తేమ మీటరు ఒకటి ఈ బల్ల మీద ఉన్నాయి. మీ ప్రశ్నలు వాటిని చేతిలోకి తీసుకునే అడగండి.